మీది తెలుగేనా... అంటే ఒళ్లు మంట!

ఫోన్‌లో కబుర్లు అయిపోయాయి. అవతల గుంటూరు నుంచి పెద్దత్త ‘సరేనమ్మా, ఉంటాను మరి’ అంటుంది. ఇవతల హోసూరు నుంచి కొత్త కోడలు ‘సరే అత్తా, పెట్టేస్తా’ అంటుంది. అంతే! పెద్దత్త మనసు చివుక్కుమంటుంది. ‘ఎంత పొగరు చూడు, ముఖం మీదే పెట్టేస్తానంటుందా’ అని మర్నాటికి చుట్టాలందరికీ చేరిపోతుంది. పాపం, కోడలికి తాను చేసిన నేరమేమిటో ఇప్పటికీ తెలియదు.

ఆ పిల్ల తప్పేం లేదు. ఆమె చుట్టూ వినిపించే భాషలన్నీ ఫోన్‌ను ‘పెట్టేవే’. తమిళంలో ‘వెచ్చిడ్రేన్’ అంటారు. పక్కనే ఆనేకల్ దాటితే కన్నడంలో ‘ఇడ్తీని’. అటు షోలాపూర్‌లో మరాఠీ వాళ్లు ‘ఠేవతో’ అంటారు, బరంపురంలో ఒడియా వాళ్లు ‘రఖుచి’. అన్నింటికీ అర్థం ఒక్కటే... పెడుతున్నాను అని. మన చుట్టూ ఉన్న భాషల మధ్య ‘ఉంటాను’ అని చెప్పి ఫోన్ కట్ చేసేది మన తెలుగువాళ్లమే. వెళ్లిపోతూ ఉంటాననడం ఏమిటని పక్కింటి కన్నడాయన అడిగితే మన దగ్గర జవాబుండదు.

సరిహద్దు జిల్లాల్లో తెలుగు మాట్లాడేవాళ్లకు ఇలాంటివి రోజూ మామూలే. ఒక్క మాట తేడా వస్తుంది. అవతలివాళ్లు మొహం చిట్లిస్తారు. ఆ తర్వాత ఆ ప్రశ్న వస్తుంది... ‘మీది తెలుగేనా?’ దీనికి రకరకాల రూపాలున్నాయి. ‘మీ తెలుగు అదోలా ఉందే!’ అనేది ఒకటి. ‘తమిళనాడు వాళ్లయినా తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!’ అనేది ఇంకొకటి. చివరిది మెచ్చుకోలు అనుకుని అంటారు. నాలుగైదు వందల ఏళ్లుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్న కుటుంబాలకు ఆ మెచ్చుకోలు ఎక్కడ తగులుతుందో అనేవాళ్లకు తెలియదు. తిరుపతి కొండ మీద క్యూలో నిలబడినప్పుడు ఈ విలేకరికీ ఆ మెచ్చుకోలు దక్కింది. ఒకసారి కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 42 లక్షల పైచిలుకు. కర్ణాటకలో 35 లక్షల పైన. ఒడిశాలో ఆరున్నర లక్షలు, మహారాష్ట్రలో 13 లక్షలు దాటారు. ఇంతమంది నోట నలిగే మాటలు తప్పని తేల్చేముందు కాస్త ఆగి చూడాల్సిందే.

నీళ్లు పోసుకున్నావా..?

అన్నింటికన్నా ఎక్కువ నవ్వులపాలు చేసిన మాట ఇదే అనుకుంటా. హోసూరు, కృష్ణగిరి, కోలారు, పావగడ... ఈ వైపంతా నీళ్లు పోసుకోవడమంటే స్నానం చేయడం. చిత్తూరు, అనంతపురం వాళ్లకూ అంతే. పొద్దున్నే ఎదురైన మనిషిని ‘నీళ్లు పోసుకున్నావా?’ అని అడగడం ‘కాఫీ తాగావా?’ అన్నంత మామూలు. అదే మాట కోస్తాలోనో, తెలంగాణలోనో పెళ్లి కాని అమ్మాయిని అడిగి చూడండి! అక్కడ ఆడమనిషి ‘నీళ్లోసుకుంది’ అంటే కడుపుతో ఉందని అర్థం. సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి చేతిలో కాఫీ గ్లాసు ఒలికిపోతుంది.

‘పోయినాడు’ సంగతి ఇంకా ఇబ్బంది. మనకు పోవడం అంటే వెళ్లడమే. ‘మా నాయన బెంగుళూరుకు పోయినాడు’ అంటాం. అందులో బెంగుళూరు అన్న మాట మింగేసి ‘నాయన లేడు, పోయినాడు’ అంటే మాత్రం గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనిషి చెప్పులు విప్పి, గొంతు తగ్గించి ‘అయ్యయ్యో, ఎప్పుడు?’ అంటాడు. ‘ఇప్పుడే, ఏడు గంటల బస్సుకు’ అని జవాబు. ఇది మన పల్లెల్లో చెప్పుకునే పాత హాస్యమే. కానీ బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగులకు ఇప్పటికీ కొత్తగానే జరుగుతుంటుంది.

అందుకే కోస్తావాళ్లు ‘వెళ్లు’ అనే మాటను పట్టుకున్నారు. పొమ్మంటే వాళ్లకు కసిరినట్టు. మనకేమో ‘వెళ్లు’ అంటే పుస్తకం చదివినట్టు. రెండు వైపులా చిరాకే. ఎవరి చిరాకు వాళ్లకు న్యాయం.

అయితే బయల్దేరేటప్పుడు మాత్రం ఎవరూ ‘పోతాను’ అనరు, అది గమనించారా? మనం ‘వస్తాను’ అంటాం. తమిళులు ‘వరేన్’, కన్నడిగులు ‘బర్తీని’, మరాఠీలు ‘యేతో’, ఒడియా వాళ్లు ‘ఆసుచి’. వెళుతూ వస్తానని చెప్పడంలో అందరూ ఒక్కటయ్యారు. ఫోన్ దగ్గరే విడిపోయారు.

అప్ప అంటే ఎవరు?

చుట్టరికాల దగ్గర గొడవ ముదురుతుంది. ‘అప్ప’ను తీసుకోండి. తమిళంలో, కన్నడంలో అప్ప అంటే నాన్న. కోలారు, బళ్లారి వైపు తెలుగువాళ్లు మగవాళ్లను చనువుగా ‘ఏమప్పా’ అని పిలుస్తారు. గౌరవంగా పేరు చివర కూడా తగిలిస్తారు. ఇక శ్రీకాకుళం దాటి బరంపురం వెళ్లండి. అక్కడి తెలుగు ఇళ్లలో అప్ప అంటే అక్క! ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ ఇదే పిలుపు. పక్కనున్న ఒడియాలోనూ అక్కను ‘అపా’ అంటారు. ఒకే మాట ఒక చివర మీసమున్న నాన్న, ఇంకో చివర జడ వేసుకున్న అక్క. హోసూరు అబ్బాయికి బరంపురం అమ్మాయిని చేసుకుంటే మొదటి పండక్కి ఎన్ని తికమకలో ఊహించుకోండి.

‘అవ్వ’ కూడా తక్కువ తినలేదు. రాయలసీమలో, మన తమిళనాడు తెలుగు ఇళ్లలో అవ్వ అంటే నానమ్మో అమ్మమ్మో. ఉత్తర కర్ణాటక కన్నడంలో అవ్వ అంటే అమ్మ. తెలంగాణ పల్లెల్లోనూ అమ్మను అవ్వ అనేవాళ్లున్నారు. బళ్లారిలో ఒకే వీధిలో ఒక ఇంట్లో అవ్వ పిల్లాడికి పాలిస్తుంది, ఎదురింట్లో అవ్వ వక్కాకు దంచుకుంటుంది. నలభై ఏళ్లు కూడా లేని కన్నడ తల్లిని తెలుగు పిల్లలు ‘అవ్వా’ అనడం చూసి, కొత్తగా వచ్చిన ఆంధ్రా టీచరమ్మ ‘పెద్దావిడ కాదు కదరా, ఆంటీ అనండి’ అని దిద్దితే... ఆ తల్లికి కోపం వచ్చేది ‘ఆంటీ’కే!

షోలాపూర్‌లో, భివండీలో మగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలకు ఈ తంటా మరాఠీతో. అక్కడ ‘దాదా’ అంటే అన్నయ్య. మన సినిమాలు చూసినవాళ్లకు దాదా అంటే కత్తి పట్టుకున్న రౌడీ. కరీంనగర్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మనిషి ముందు పిల్లలు ‘దాదా వస్తున్నాడు’ అంటే ఆయన గుమ్మం వైపు కాస్త భయంగానే చూస్తాడు. మరాఠీ ఊళ్లలో దారిన పోయే పెద్దవాళ్లను ‘మామా’ అని పిలవడం మర్యాద. అది అలవాటైన షోలాపూర్ తెలుగు కుర్రాడు హైదరాబాద్ వచ్చి కండక్టర్‌ను ‘మామా, రెండు టికెట్లు’ అంటే, ‘నీకు నేను మామనెట్లయిన?’ అనే ఎదురు ప్రశ్న ఖాయం. అదే హైదరాబాద్‌లో కాలేజీ కుర్రాళ్లు ఒకరినొకరు రోజంతా మామా అనే పిలుచుకుంటారు. అదేం తప్పు కాదట!

ఒక్క ‘అవసరం’... ఐదు దారులు

ఇంత చిన్న మాట ఇంత దూరం తిరిగిందా అని ఆశ్చర్యం కలిగించేది ‘అవసరం’. తెలుగులో దానికి అర్థం అక్కర, కావలసి రావడం. చెన్నైలో పెరిగిన తెలుగాయన ‘అవసరంగా ఊరికి పోవాలి’ అంటాడు. ఆయన ఉద్దేశం అర్జెంటుగా అని. తమిళంలో అవసరం అంటే తొందర కాబట్టి. కన్నడంలోనూ ‘అవసర’ అంటే తొందరే. ‘అవసరంలో మర్చిపోయినాను’ అని కోలారు మనిషి అంటే హడావిడిలో మర్చిపోయానని. విజయవాడ మనిషికి ఆ వాక్యం కాలూ చెయ్యీ లేనట్టు ఉంటుంది. అవసరమైతే మర్చిపోవడమేమిటి?

ఇప్పుడు ఒడిశా వెళ్దాం. అక్కడ ‘అవసర’ అంటే తీరిక, విరామం. ఉద్యోగ విరమణకు కూడా అదే మాట. ‘అవసరప్రాప్త’ శిక్షకుడు అంటే రిటైర్డ్ మాస్టారు. రాయగడ తెలుగింట్లో ‘మా నాన్న అవసరం తీసుకున్నారు’ అంటే ఆయనకు డబ్బు అవసరం పడిందని కాదు, పెన్షన్ మొదలైందని! ఇక హిందీలో ‘అవసర్’ అంటే అవకాశం. ముంబయి తెలుగు కుర్రాళ్ల నోట అదీ దొర్లుతుంటుంది.

మరి వీటిలో ఏది సరైంది? సంస్కృతంలో అసలు అర్థం అదను, సందర్భం, చోటు దొరకడం. దానికి దగ్గరగా ఉన్నది హిందీ, కొంతవరకు ఒడియా. అంటే మూలం నుంచి పక్కకు జరిగినవాళ్లలో తమిళులు, కన్నడిగులతో పాటు మనమూ ఉన్నాం. చెన్నై తెలుగాయన మాట తప్పయితే విజయవాడ మనిషి మాటా తప్పే. ఈ లెక్క మాత్రం ఎవరూ వేయరు.

‘శిక్ష’ దగ్గర ఇంకో తమాషా. తెలుగులో శిక్ష అంటే దండన. కన్నడ, మరాఠీల్లోనూ దండనే. ఒడియాలో, హిందీలో శిక్ష అంటే చదువు. కేంద్రం ‘సర్వశిక్షా అభియాన్’ అని పథకం పెట్టినప్పుడు తెలుగు బడుల గోడల మీదా ఆ పేరే ఎక్కింది. అందరికీ శిక్ష వేసే ఉద్యమమా అని నవ్వుకున్నారు జనం. 2018లో దాన్ని ‘సమగ్ర శిక్షా’లో కలిపారు. ఇప్పుడు సమగ్రంగా వేస్తున్నారన్నమాట! బరంపురం తెలుగు పిల్లలకు మాత్రం అందులో నవ్వాల్సిందేమీ కనిపించదు. వాళ్లకు రెండర్థాలూ తెలుసు.

‘ఉపన్యాసం’ ఒడిశాలో నవల. ‘బస్సులో ఉపన్యాసం చదువుతూ వచ్చాను’ అంటే నోరెళ్లబెట్టక్కర్లేదు. షోలాపూర్‌లో పిల్లాడు ‘అభ్యాసం’ చేస్తున్నాడంటే కుస్తీయో సంగీతమో కాదు, హోంవర్కు. ‘చేష్టలు చేస్తున్నాడు’ అని ఒడిశా తెలుగాయన తన కొడుకు గురించి చెబితే... ఆ కుర్రాడు ఉద్యోగం కోసం గట్టిగా ప్రయత్నిస్తున్నాడని తండ్రి మురిసిపోతున్నట్టు లెక్క.

అంగడి ఎవరిది?

ఇంకో రకం చిరాకు ఉంది. ఇవి అర్థం మారిన మాటలు కావు. ‘ఇది తెలుగు మాటే కాదు, పక్క భాషది’ అని తోసిపుచ్చేవి. అంగడి అందులో మొదటిది. కోస్తాలో కొట్టు అంటారు, తెలంగాణలో దుకాణం. హోసూరు పిల్లాడు ‘అంగడికి పోయొస్తా’ అంటే ‘అది కన్నడం కదా’ అంటారు. కన్నడంలో ఉంది, నిజమే. తమిళంలోనూ అంగాడి ఉంది. కానీ ‘అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని’ అనే సామెత తెలియని తెలుగు ఇల్లుందా? 1852లో సి.పి.బ్రౌన్ అచ్చు వేసిన నిఘంటువులోనూ అంగడి ఉంది. తెలంగాణలో వారపు సంతను ఇప్పటికీ అంగడి అనే అంటారు. అందరూ వదిలేసిన మాటను దాచిపెట్టుకున్నందుకు మనకు దక్కిన బిరుదు ‘అది తెలుగు కాదు’!

చక్కెర సంగతీ అంతే. కోస్తా వాళ్లకు పంచదార. రాయలసీమ, తెలంగాణ, కర్ణాటక, షోలాపూర్... మనందరికీ చక్కెర. కన్నడంలో సక్కరె, తమిళంలో సర్‌క్కరై, మరాఠీలో సాఖర్. లెక్క చూస్తే వేరుపడ్డది పంచదారే. అయినా అంగట్లో చక్కెర అడిగినవాణ్ని పల్లెటూరోడన్నట్టు చూసేది పంచదారవాళ్లే.

‘స్వల్ప’ను చూస్తే నవ్వొస్తుంది. కన్నడంలో అది వాడుక మాట. బస్సులో ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ అనేది బెంగుళూరు వెళ్లి వచ్చినవాళ్లందరికీ తెలిసిందే. ముగ్గురు కూర్చునే సీటులో నాలుగో మనిషిగా ఇరుక్కునేవాడి మంత్రం అది. ఆ మంత్రాన్ని మించి చిరాకు పుట్టించేది ఇంకోటి లేదు, కూర్చున్నవాళ్లకు! కోలారు తెలుగులో అదే ‘స్వల్ప జరుగు అన్నా’ అవుతుంది. తెలుగులోనేమో స్వల్ప అనేది పత్రికలవాళ్లు వాడే మాట. ‘స్వల్ప గాయాలతో బయటపడ్డారు’ అని రాస్తాం. కూరలో స్వల్ప ఉప్పు వేయమని ఆ ఊరి అవ్వ అంటే, విజయవాడ చెవికి ఆమె రేడియోలో వార్తలు చదువుతున్నట్టు ఉంటుంది.

అలాగని సరిహద్దులో వినిపించే ప్రతి మాటనూ నెత్తిన పెట్టుకోమని కాదు. కొన్ని నిజంగానే ఇబ్బంది పెడతాయి. తమిళంలో, కన్నడంలో ‘కాల్’ అంటే నాలుగో వంతు. మన చక్కని ‘పావు’ ఉండగా ‘కాలు కిలో చక్కెర’ అడగడమెందుకు? అంగడివాడు తమిళుడైతే అడగండి, సరే. ఇంట్లో కూడా కాలు కిలో అనే స్థాయికి వస్తే పావు అనే మాట ఆ ఇంట్లో చచ్చిపోయినట్టే. చెన్నై కుర్రాళ్ల ‘సెమగా ఉంది’, బెంగుళూరు కుర్రాళ్ల ‘సక్కత్’ గురించి మాత్రం పెద్దగా బెంగ లేదు. అవి వస్తాయి, పోతాయి. పోతాయంటే వెళ్లిపోతాయని!

అసలు తప్పులు ఎవరివి?

ఇంత వివరంగా మన మాటలను తూచేవాళ్లు తమ మాటలను తూచుకుంటారా? టీవీ పెట్టండి. ‘మంత్రిగారు రావడం జరిగింది, శంకుస్థాపన చేయడం జరిగింది, మాట్లాడటం జరిగింది’. వచ్చారు, చేశారు, మాట్లాడారు అంటే ఏం పోయింది? ఎవరూ ఏదీ చేయరు, అన్నీ వాటంతటవే జరుగుతాయి. ఆఫీసు కాగితాల్లో పుట్టిన ఈ జబ్బు మైకుల్లోకి, మైకుల నుంచి ఇళ్లలోకి పాకింది. పెళ్లికి వెళ్లొచ్చినవాళ్లు సైతం ‘భోజనం చేయడం జరిగింది’ అంటున్నారు.

చీరలు అమ్మే వీడియోలు చూశారా? ‘ఈ చీర ధర వచ్చేసి పదిహేను వందలు, బ్లౌజు వచ్చేసి ఎనభై సెంటీమీటర్లు’. ఎక్కడికి వచ్చేసింది? ఎందుకు వచ్చింది? తమిళులు మాట మాటకూ ‘వందు’ అని నాన్చుతారు. ‘నా పేరు వచ్చి...’ అని మొదలుపెట్టే చెన్నై తెలుగును ఒకప్పుడు వెక్కిరించినవాళ్లే ఇప్పుడు ‘వచ్చేసి’ లేకుండా చీర మడత విప్పడం లేదు. మన దగ్గర వినిపిస్తే అరవ వాసన, విజయవాడలో వినిపిస్తే ఫ్యాషన్.

‘అని చెప్పి’ ఇంకొకటి. ‘వర్షం వస్తుందని చెప్పి గొడుగు తీసుకున్నాను’. వర్షం ఎవరికి చెప్పింది? ‘అని’ ఒక్కటి సరిపోతుంది కదా. ‘బేసికల్లీ’, ‘యాక్చువల్లీ’ల సంగతి ఎత్తకపోవడమే మంచిది. ‘ఫీలవ్వకు’ అంటే ఏం అనుభవించొద్దంటారో తెలియదు, కానీ బాధపడొద్దని అందరికీ అర్థమైపోతుంది. ఇంగ్లిష్ మాటకు తెలుగువాళ్లు కొత్త అర్థం ఇస్తే సరదా. తెలుగు మాటకు హోసూరు వాళ్ల దగ్గర ఇంకో అర్థం ఉంటే తప్పు. ఈ తూకం రాళ్లు ఎక్కడ దొరుకుతాయో!

నోరు మూసుకున్న పిల్లలు

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. నవ్వించుకున్నవాళ్ల వయసు పదేళ్లయితే మాత్రం కథ మారిపోతుంది.

వేసవి సెలవులకు హోసూరు నుంచో, తిరుత్తణి నుంచో పిల్లలు నెల్లూరు, ఒంగోలు వెళతారు. అక్కడి పిల్లలతో ఆడుకుంటూ ‘రవంత నీళ్లు ఇయ్యి’, ‘ఆడ ఉండాది’ అంటారు. వాళ్లు పగలబడి నవ్వుతారు. పెద్దవాళ్లు కూడా ‘ఏదీ, ఇంకోసారి అను’ అంటారు, ముద్దుగానే. రెండోసారి అనమన్నప్పుడే పిల్లాడికి అర్థమవుతుంది, తన మాట ఒక వింత అని. మూడో రోజుకు వాడు ఇంగ్లిష్‌లో మొదలుపెడతాడు. ఊరికి తిరిగొచ్చాక ఇంట్లోనూ తెలుగులో అడిగితే తమిళంలో జవాబిస్తాడు. తమిళం మీద వాణ్ని నవ్వినవాళ్లు లేరు కదా! కోలారు, చిక్కబళ్లాపుర వైపు కథా ఇంతే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కన్నడం రాత దాదాపు తెలుగులాగే ఉంటుంది కాబట్టి సినిమా పోస్టర్ కూడబలుక్కుని చదువుతారు. కానీ నోరు విప్పాలంటే జంకు.

ఇప్పటికే బడుల సంగతి అంతంతమాత్రం. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సదుపాయం కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో చేర్చారు. తమిళనాట 2006లో వచ్చిన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి తప్పనిసరి చేసింది. ఏటా ఒక తరగతి చొప్పున పెరుగుతూ అది 2016 నాటి పదో తరగతి పరీక్షలకు చేరింది. తెలుగు, ఉర్దూ, కన్నడ పిల్లలు మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కారు. తమిళనాడులో ఉంటూ తమిళం నేర్చుకోవడంలో తప్పేమీ లేదు, నేర్చుకోవాలి కూడా. తెలుగుకు చోటెక్కడ అనేదే ప్రశ్న. బడిలో చోటు తగ్గినప్పుడు మిగిలేది ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లోకి చుట్టాలుగా వచ్చి ‘ఇదేం తెలుగురా’ అనేవాళ్లు ఏ చట్టమూ చేయలేనంత పని చేసి వెళుతున్నారు.

గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. జనం నోట పలికే తెలుగే రాతలోనూ ఉండాలని ఆయన పోరాడారు. ఆయన పంతులుగా పనిచేసింది పర్లాకిమిడిలో. ఆ ఊరు 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచి సరిహద్దుకు అవతలే ఉంది. వాడుక తెలుగు కోసం గొంతెత్తిన మనిషి కొలువు చేసిన ఊరివాళ్లను ఈరోజు విశాఖలో ‘మీది ఒరియా తెలుగు కదా’ అంటున్నారు. ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండ వేసేవాళ్లే!

రచయితలు ఈ మాటలను పట్టించుకోలేదని కాదు. స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాటు ఒడ్డున మాట్లాడే తెలుగులోనే రాశారు. హోసూరు, కోలారు సీమకు ఉన్న మొరసునాడు అనే పాత పేరుతో కథల పుస్తకం వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలను జిల్లాల వారీగా ఏరి కూర్చిన మాండలిక వృత్తి పదకోశం 1962లోనే అచ్చయింది. ఒకే పనిముట్టుకు ఊరికో పేరున్నా అన్నీ తెలుగే అని అందులో కనిపిస్తుంది. అవన్నీ మన పిల్లల చేతుల్లోకి రావడం లేదు, అదీ బాధ.

యానాం గోడు వేరు

యానాం వాళ్లకు పైన చెప్పిన బాధలేవీ లేవు. వాళ్లది అచ్చమైన గోదావరి తెలుగు, ‘ఆయ్’ అనడంతో సహా. చుట్టూ కాకినాడ, కోనసీమ జిల్లాలే. అయినా బయటికెళ్లి ‘మాది యానాం’ అంటే ‘ఓ, పాండిచ్చేరియా? అయితే తమిళం వచ్చుండాలే!’ అంటారు. 1954 జూన్‌లో ఫ్రెంచివాళ్ల పాలన నుంచి బయటపడిన ఊరు కాబట్టి, ‘ఫ్రెంచి మాట్లాడతారా?’ అనేది తర్వాతి ప్రశ్న. ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరికి ఇన్ని భాషలు అంటగడతారు, ఉన్న ఒక్క తెలుగు తప్ప.

పేర్లు పెట్టడంలో అందరూ అందరే. చెన్నైలో తెలుగువాళ్లను ‘గొల్టి’ అంటారు. తెలుగు అన్న మాటను తిరగేసి చేసిందని చెప్పుకుంటారు. సరదాగానే అంటారు, పడేవాళ్లకు సరదాగా ఉండదు. ఒడిశాలో ‘తెలెంగా’ అనే మాట గొంతును బట్టి మామూలుగానూ ఉంటుంది, గుచ్చుకునేట్టూ ఉంటుంది. ముంబయిలో వింధ్యకు దిగువన ఉన్నవాళ్లందరూ ‘మద్రాసీ’లే.

మనం మాత్రం తక్కువా? నలుగురు గట్టిగా మాట్లాడుతుంటే ‘ఏంటా అరవ గోల’ అంటాం. అర్థం కాని మాటల్ని అరవం అంటాం. హోసూరులో పక్కింటి తమిళ కుటుంబానికి తెలుగు అర్థమవుతుందన్న సంగతి మరిచిపోయి ఆ మాట అనేస్తాం. వాళ్లు ఏమీ అనరు. గుర్తు పెట్టుకుంటారు.

అన్నట్టు, తమిళ మిత్రుల ఇంటికి వెళ్లే తెలుగువాళ్లకు ఒక జాగ్రత్త. ‘కేవలం మీ కోసమే వచ్చాం’ అని ప్రేమగా చెప్పకండి. మనకు కేవలం అంటే ‘ఒక్క’ అని. తమిళంలో కేవలం అంటే నీచం, సిగ్గుచేటు! ఎదుటాయన ముఖం మారిపోయాక ఎంత సర్దిచెప్పినా కాఫీ చల్లారిపోతుంది. ‘మీ కోసమే వచ్చాం’ అంటే చాలు.